చలికాలానికి మిద్దె తోట: ఏది ఉంచాలి, ఏది పీకాలి, ఏది కొత్తగా పెట్టాలి

దసరా దాటి వానలు వెనక్కి తగ్గగానే మిద్దె మీద తేల్చుకోవాల్సినవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. వానాకాలపు వంగ ఇంకా కాస్తూనే ఉంటుంది, దాన్ని ఉంచాలా పీకాలా? పాత మట్టే వాడాలా, కొత్తది తెప్పించాలా? విత్తనం చల్లాలా, నర్సరీలో నారు కొనాలా? వీటన్నిటినీ తేల్చేవి రెండే లెక్కలు: మీ ఊళ్లో డిసెంబరు రాత్రి ఎంత చల్లగా ఉంటుంది, ఎండ ముదిరేలోపు ఇంకా ఎన్ని వారాలు మిగిలాయి.

రెండో లెక్క తేలిక. చలి శివరాత్రికి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఆ లోపు కోతకు రాని క్యాబేజీ గట్టిగా గడ్డ కట్టదు, కొత్తిమీర ఆకు వదిలేసి పూతకు పోతుంది, బఠాణీ ఎండిపోతుంది. కాబట్టి ఫిబ్రవరి 15 నుంచి వెనక్కి లెక్కపెట్టండి. నాటాక 70 రోజులు పట్టే క్యాబేజీ నారు నవంబరు చివరికల్లా కుండీలో ఉండాలి. డిసెంబరు మధ్యలో గుర్తొస్తే క్యాబేజీ జోలికి పోకుండా ముల్లంగి, మెంతి, పాలకూరతో సరిపెట్టుకోవడమే లాభం.

మొదటి లెక్క ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు ఎక్కువగా 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటాయి, శివార్లలో ఇంకా తగ్గుతాయి. విజయవాడ, విశాఖ వైపు 18, 20 దాకా ఉంటాయి. అక్కడివాళ్లు హైదరాబాద్ వాళ్ల వీడియోలు చూసి అవే రకాలు వేస్తే కాలీఫ్లవర్ ఆకులే మిగులుతాయి. నెల్లూరు, తిరుపతి ప్రాంతాల్లో ఈశాన్య రుతుపవనాల వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. అక్కడ అక్టోబరులో చల్లిన ఆకుకూర విత్తనం సగం కొట్టుకుపోతుంది, సగం కుళ్లుతుంది. నవంబరు చివర మొదలుపెట్టడమే మేలు. ఆదిలాబాద్‌లోనూ, చింతపల్లి, లంబసింగి, అరకు వైపూ సంగతి పూర్తిగా వేరు. అక్కడ మొక్కను చలి నుంచి కాపాడుకోవాలి కూడా.

పాత మొక్కలు: కత్తిరింపా, పీకివేతా?

వంగను తొందరపడి పీకకండి. కాండం గట్టిగా ఉండి, వేర్లు బాగుంటే అక్టోబరులో నేల నుంచి అడుగు ఎత్తున కత్తిరించి, రెండు గుప్పెళ్ల ఎరువు వేస్తే కొత్త చిగుళ్లు వచ్చి దాదాపు ఆరు వారాల్లో మళ్లీ కాపు అందుకుంటుంది. కొత్త నారు పెడితే అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. కానీ ఆకులు చిట్టిచిట్టిగా, గుత్తులుగా వస్తుంటే అది వెర్రి తెగులు. కత్తిరించినా పోదు. ఆ మొక్కను పీకి దూరంగా పారేయాల్సిందే, కంపోస్టు డబ్బాలో కూడా వేయొద్దు.

బెండను అక్టోబరు చివరికి తీసేయండి. రాత్రి చల్లబడ్డాక కాయ ఎదగదు, ఆకు మీదకు బూడిద తెగులు వస్తుంది, ఈనెలు పచ్చబడే పల్లాకు తెగులు ఉంటే తెల్లదోమ దాన్ని పక్క బెండ మొక్కలకు మోస్తుంది. కొత్తగా బెండ విత్తనం వేయడం కూడా అనవసరం, చల్లని మట్టిలో సగం మొలవదు. ఆకు ముడత పట్టిన మిరపా అంతే. ముడత లేని మిరప మాత్రం చలికాలమంతా కాస్తుంది, ఉంచండి. ఆనప, బీర తీగల్లో కింది ఆకులు తెల్లబడి కొస మాత్రమే పెరుగుతుంటే ఆ పందిరిని చిక్కుడుకు ఇచ్చేయడం మంచిది.

చిక్కుడు సంగతి ఇక్కడే చెప్పాలి. మన పాత పందిరి చిక్కుడు పగలు పొట్టిగా అయితేనే పూస్తుంది. జులై, ఆగస్టులో వేసినవాళ్లకు నవంబరు నుంచి విరగకాస్తుంది. అక్టోబరులో వేస్తే తీగ ఎదగకముందే పూతకు వస్తుంది, కాపు కొద్దిగానే ఉంటుంది. ఆలస్యమైనవాళ్లు పొద చిక్కుడు వైపు వెళ్లాలి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ రకాలకు పగటి నిడివితో పని లేదు, పందిరీ అక్కర్లేదు.

ఎందులో పెంచాలి: సంచి, డ్రమ్ము, ఇటుక మడి

ఇక్కడ అందరూ ధర చూస్తారు, బరువు చూడరు. మనుషులు తిరిగే చదును పైకప్పుకు భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఒక అడుగు లోతు తడి మట్టి నింపిన ఇటుక మడి అదే చదరపు మీటరు మీద 420 నుంచి 480 కిలోలు మోపుతుంది, ఇటుకల బరువు వేరే. అందుకే మడి కట్టాలనుకుంటే గోడలు, దూలాలు ఉన్న అంచుల వెంటే కట్టాలి. స్లాబు నడిమధ్యన వద్దే వద్దు. కట్టేముందు ఇంజనీరుకు చూపించండి. మడి అడుగున నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, ఇటుకల మీద కడప బండ వేసి ఆపైన కడితే నీళ్లు స్లాబు మీద నిలవవు.

గ్రో బ్యాగుల్లో 15×15 అంగుళాలది చలికాలానికి అన్నిటికన్నా పనికొచ్చే కొలత. నిండుగా దాదాపు 43 లీటర్లు పడుతుంది. పైన మూడు వేళ్లు వదిలి ఎర్రమట్టి, ఎరువు కలిపి నింపితే తడిసినప్పుడు 50 కిలోల దాకా తూగుతుంది. సగం కొబ్బరి పొట్టు కలిపితే 30 నుంచి 35 కిలోలు. చదరపు మీటరుకు నాలుగు సంచులు పెట్టేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. టమాట, వంగ, కాలీఫ్లవర్‌కు ఒక్కో సంచికి ఒక్కో మొక్క. 12×12 సంచి 22 లీటర్లే, అందులో క్యాబేజీ, మిరప చాలు. 9×9 సంచులను మెంతి, కొత్తిమీరకు వాడొచ్చు గానీ అవి రోజూ నీళ్లు అడుగుతాయి. ఆకుకూరలకు పండ్ల దుకాణాల దగ్గర దొరికే థర్మోకోల్ పెట్టెలే నయం. బరువుండవు, ఎనిమిది అంగుళాల లోతు ఉంటుంది, అడుగున ఆరు చిల్లులు పెడితే పని అయిపోతుంది. ఒకటి రెండు సీజన్లకు విరిగిపోతాయి, అదొక్కటే లోపం.

సంచి కొనేటప్పుడు మందం అడగండి. 240 జీఎస్‌ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క), ఆపైన ఉండి, ఎండకు తట్టుకునే పూత ఉన్నది మూడు నాలుగేళ్లు వస్తుంది. పల్చటివి రెండో వేసవికే పొడిపొడిగా రాలిపోయి ఆ ముక్కలన్నీ మట్టిలో కలుస్తాయి. గుడ్డలాంటి జియో సంచులు చలికాలంలో బాగుంటాయి, నీరు నిలవదు, వేర్లకు గాలి ఆడుతుంది. వేసవిలో మాత్రం రెండు పూటలా తడపాల్సి వస్తుంది.

క్యారెట్, బీట్‌రూట్, ముల్లంగికి 200 లీటర్ల నీలం డ్రమ్మును నిలువునా చీరి చేసిన తొట్టికి సాటి లేదు. దాదాపు మూడు అడుగుల పొడవు, దాదాపు రెండు అడుగుల వెడల్పు, నడిమిన అడుగు లోతు వస్తుంది. కొనేటప్పుడు ముందు అందులో ఏముండేదో కనుక్కోండి. రసాయనాల డ్రమ్ము ఎంత చవకైనా వద్దు, తినే నూనెలు, సిరప్‌లు వచ్చినవే తీసుకోవాలి.

మట్టి: పాతదే బాగు చేయాలా, కొత్తది కొనాలా?

పాతదే. కొత్త మట్టి తెప్పించడం ఖర్చే కాదు, మెట్ల మీదుగా మోయడం కూడా. పైగా ఇళ్ల పునాదుల నుంచి తీసిన ఎర్రమట్టిలో చాలాసార్లు సిమెంటు, సున్నం కలిసి ఉంటాయి. మూడు నెలల వాన మీ సంచుల్లోని పోషకాలను కడిగేసి, మట్టిని గట్టిపరిచి ఉంటుంది, అంతే. సంచిని బోర్లించి మట్టిని పట్టా మీద పరిచి నాలుగైదు రోజులు ఎండనివ్వండి. వేర్లు ఏరేటప్పుడు పరిశీలించండి. వేర్ల మీద బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగులవి. ఆ మట్టిలో ఈ చలికాలం టమాట, వంగ, క్యారెట్ పెట్టొద్దు. బంతి పెట్టండి, వేపపిండి రెట్టింపు వేయండి.

ఆరిన మట్టి రెండు పాళ్లకు బాగా మాగిన పశువుల ఎరువు లేదా కంపోస్టు ఒక పాలు కలపాలి. 15×15 సంచికి 100 గ్రాముల వేపపిండి. వేపపిండి వేసిన రోజే విత్తనం చల్లకండి, తడిపి ఒక వారం ఆగండి. లేకపోతే కుళ్లేటప్పుడు పుట్టే వేడికి లేత మొలకలు చస్తాయి. నారుకుళ్లు ఏటా వేధిస్తుంటే ఇంకో మెట్టు ఉంది: 10 కిలోల ఎరువుకు కిలో వేపపిండి, 100 గ్రాముల ట్రైకోడెర్మా పొడి కలిపి, తడి గోనెసంచి కప్పి నీడలో పది రోజులు ఉంచి, దాన్నే సంచులకు పంచండి. ట్రైకోడెర్మా బతికున్న శిలీంధ్రం కాబట్టి ప్యాకెట్ మీద గడువు తేదీ చూడకుండా కొనొద్దు.

ఎరువుల్లో ఏది మేలంటే, పశువుల ఎరువు మట్టిని గుల్లబరుస్తుంది, బలం తక్కువ. వర్మీకంపోస్టు బలమైనది, వెంటనే పనిచేస్తుంది, కానీ సంచి నిండా అదే వేస్తే తడిసినప్పుడు జిగటగా ముద్దవుతుంది. రెండూ సగం సగం కలపడం మంచిది. కోడి ఎరువు చలికాలపు కూరలకు మేం సిఫారసు చేయం. సరిగా మాగకపోతే వేర్లు మాడతాయి, మాగినా దుంపకూరల్లో ఆకు ఏపుగా పెరిగి దుంప సన్నబడుతుంది. కొబ్బరి పొట్టులో బలమంటూ ఏమీ లేదు, బరువు తగ్గించడానికీ తేమకూ మాత్రమే. ఇటుకగా వచ్చినదాన్ని నానబెట్టి, ఆ ఎర్రనీళ్లు రెండుసార్లు పారబోసి వాడాలి. అందులో ఉప్పు ఉంటుంది.

విత్తనమా, నారా?

ముల్లంగి, క్యారెట్, మెంతి, కొత్తిమీర, పాలకూర, బఠాణీ, చిక్కుడుకు ఈ ప్రశ్నే లేదు. నేరుగా విత్తాలి. నర్సరీలో క్యారెట్ నారు అమ్మితే కొనకండి, పీకి నాటిన క్యారెట్ వేరు వంకర్లు పోతుంది.

టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్‌కు సెప్టెంబరులోనే ట్రేలో పోసుకుంటే మీకు నచ్చిన రకం వేసుకోవచ్చు. టమాట, క్యాబేజీ నారు నాలుగు వారాలకు, వంగ, మిరప ఐదారు వారాలకు నాటుకు వస్తాయి. నవంబరు వచ్చేసిందంటే నారు కొనడమే దారి. అయితే నర్సరీలో పొడుగ్గా, పచ్చగా ఉన్నదాన్ని కాకుండా పొట్టిగా, నాలుగైదు ఆకులతో, కాండం లావుగా ఉన్నదాన్ని ఏరుకోండి. ట్రేలోంచి తీసినప్పుడు వేర్లు గోధుమ రంగులో గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే అది ముదురు నారు. ముదురు కాలీఫ్లవర్ నారు నాటితే మొక్క ఎదగకముందే బొత్తామంత పువ్వు వేసి ఆగిపోతుంది. ఎన్ని ఎరువులు పోసినా ఆ పువ్వు పెరగదు.

ఏ కూర వేస్తే గిట్టుబాటు?

చాలామంది చలికాలమనగానే క్యాబేజీ, కాలీఫ్లవర్ పెడతారు. చూడముచ్చటే, కానీ పది సంచులు మాత్రమే ఉన్న ఇంటికి అవి అన్నిటికన్నా నష్టపు బేరం. ఒక సంచి రెండున్నర నెలలు కట్టిపడేసి ఒక్క గడ్డ ఇస్తుంది, ఆ సమయానికి మార్కెట్లో అవే చవకగా ఉంటాయి. అదే సంచిలో పాలకూర నాలుగైదు కోతలు వస్తుంది, టమాట రెండు నెలల పాటు వంటింటికి అందుతుంది. బఠాణీ మరీ అన్యాయం. రెండడుగుల మడి నిండా వేస్తే ఒక పూట కూరకు సరిపడితే గొప్ప. పిల్లలు మొక్క మీదే కోసుకు తింటారని వేసుకోవాలి గానీ వంటకు కాదు.

అందుకని పది సంచులు, రెండు తొట్లు ఉన్నవాళ్లకు మా సలహా: టమాట నాలుగు, కత్తిరించిన వంగ రెండు, మిరప ఒకటి, పొద చిక్కుడు రెండు, సరదాకి కాలీఫ్లవర్ ఒకటి. ఒక తొట్టి క్యారెట్‌కు, ఇంకోటి ముల్లంగి, బీట్‌రూట్‌కు. ఆకుకూరలు థర్మోకోల్ పెట్టెల్లో, పదిహేను రోజులకొక పెట్టె చొప్పున. మెంతి మూడు నాలుగు వారాల్లో, కొత్తిమీర ఆరు వారాల్లోపు కోతకు వస్తాయి కాబట్టి ఒకేసారి అన్నీ చల్లితే ఒక వారం తినలేక, తరవాత నెల కొనుక్కుంటూ గడుస్తుంది.

కాలీఫ్లవర్‌లో రకమే అంతా. తొలి రకాలు 20 నుంచి 27 డిగ్రీల వేడిలోనూ పువ్వు కడతాయి, స్నోబాల్ లాంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు కావాలి. కోస్తాలో స్నోబాల్ ప్యాకెట్ కొనడం డబ్బు దండగ. హైదరాబాద్‌లో తొలి, మధ్య రకాలు నడుస్తాయి. పువ్వు నిమ్మకాయంత అయ్యాక చుట్టూ ఆకులను పైకి మడిచి దారంతో కడితే తెల్లగా ఉంటుంది, ఎండ తగిలితే పసుపుపచ్చగా మారుతుంది. పువ్వు మీద గోధుమ మచ్చలు, కాండంలో బోలు కనిపిస్తే బోరాన్ లోపం.

క్యారెట్‌లోనూ ఇంతే. నాంటిస్ రకానికి చలి బాగా కావాలి, లేకపోతే రంగు పాలిపోతుంది. పూసా కేసర్, పూసా మేఘాలి లాంటివి మన వేడికి ఓర్చుకుంటాయి. మట్టిలో మూడో వంతు ఇసుక కలపండి, రాళ్లు ఏరేయండి, పచ్చి ఎరువు తగలనివ్వకండి. క్యారెట్ రెండు కాళ్లుగా చీలడానికి చాలావరకు రాళ్లు, పచ్చి ఎరువే కారణం. విత్తనం అర అంగుళం లోతున చల్లి, తడి గోనె కప్పి రోజూ ఎత్తి చూడాలి. మొలక రావడానికి పది రోజులు పట్టొచ్చు, వచ్చిన రోజే గోనె తీసేయాలి. తరవాత రెండు అంగుళాలకొకటి ఉండేలా పలచన చేయడానికి మనసొప్పదు, కానీ చేయకపోతే అన్నీ తోకలే వస్తాయి.

ముల్లంగి విత్తనం ప్యాకెట్ మీద పూసా చేత్కి అని ఉంటే అది వేడి కాలపు రకం. చలికి జపనీస్ వైట్ మేలు. ధనియాలు వంటింట్లోవే చాలు. చపాతీ కర్రతో మెల్లిగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. పాతబడ్డ ధనియాలైతే మొలవవు.

ఎండ, నీళ్లు

వేసవిలో కట్టిన షేడ్ నెట్ ఇంకా అలాగే ఉందా? అక్టోబరులోనే విప్పేయండి. డిసెంబరు చివర హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే, దక్షిణం వైపు ఒరిగి ఉంటాడు. అంటే దక్షిణపు పిట్టగోడ మూడడుగులుంటే దాని నీడ మధ్యాహ్నమే రెండున్నర అడుగులు లోపలికి పడుతుంది, ఉదయం సాయంత్రం ఇంకా ఎక్కువ. పక్కింటి మేడ దక్షిణాన పది అడుగులు ఎత్తుగా ఉంటే దాదాపు తొమ్మిది అడుగుల మేర మీ తోట నీడలోనే. కాబట్టి టమాట, వంగ సంచులను గోడ నుంచి జరపండి, గోడ నీడన పాలకూర, పుదీనా పెట్టండి, పందిళ్లు ఉత్తరం వైపు ఉండాలి.

నీళ్లు పొద్దున ఏడు, తొమ్మిది మధ్య పోయాలి. సాయంత్రం పోస్తే ఆకులు రాత్రంతా తడిగా ఉండి తెగులుకు పిలుపు. 15 అంగుళాల సంచికి మూడు రోజులకోసారి సరిపోతుంది. రెండు అంగుళాల లోతు వేలు పెట్టి, పొడిగా తగిలితేనే పోయండి. చలికాలంలో మొక్కలు ఎండి చచ్చేది తక్కువ, నీళ్లెక్కువై చచ్చేదే ఎక్కువ. అలాగని టమాటను ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు ముంచేస్తే కాయ అడుగు నల్లగా కుళ్లుతుంది. డ్రిప్ పెట్టుకున్నవాళ్లు వేసవి టైమర్‌ను అలాగే వదిలేయకండి, సగానికి తగ్గించండి.

జీవామృతం వాడేవాళ్లకు ఒక మాట. 10 లీటర్ల నీళ్లలో అరకిలో పేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, పిడికెడు మట్టి వేస్తే వేసవిలో రెండు రోజుల్లో పులుస్తుంది. చలికి నాలుగు రోజులు పట్టొచ్చు. నురగ, పులుపు వాసన వచ్చాకే పదింతలు నీళ్లు కలిపి వారానికోసారి పోయండి.

పురుగు, తెగులు: ఏ మందు దేనికి

డిసెంబరులో చిక్కుడు కొసలకు పేనుబంక పడుతుంది. మొదట్లోనే నీటి ధారతో కొట్టి కడిగేస్తే సగం పోతుంది, మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అందులో కలవడానికి కొంచెం సబ్బునీళ్లు. బూడిద తెగులుకు లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం. ఈ రెండింటినీ వెంటవెంటనే వాడొద్దు. వేపనూనె చల్లిన రెండు వారాల్లోపు గంధకం పడితే ఆకులు మాడతాయి. తెగులు ఇంకా చుక్కలుగా ఉంటే పులిసిన మజ్జిగ పదింతలు నీళ్లు కలిపి చల్లినా ఆగుతుంది. క్యాబేజీకి డైమండ్ రెక్కల పురుగు ఆశిస్తుంది. పక్కనే రెండు కుండీల ఆవాలు చల్లి ఉంచితే తల్లి పురుగులు వాటి మీదకే ముందు పోతాయి.

ఆదిలాబాద్, చింతపల్లి వైపు బాగా చలి పడే రాత్రి మొక్కల మీద పాత నూలు చీర కప్పడం మంచిదా, ప్లాస్టిక్ షీటా అంటే చీరే. ఆకుకు తగిలిన ప్లాస్టిక్ చలిని నేరుగా అంటిస్తుంది, ఆకు నల్లబడుతుంది. అలాంటి ఊళ్లలో మాత్రం ఆ రాత్రికి ముందు మధ్యాహ్నమే మట్టిని తడిపి ఉంచండి, ఆకులు తడపకుండా. తడి మట్టి పగటి వేడిని రాత్రికి దాచుకుంటుంది.

పూల మొక్కలు

గులాబీని అక్టోబరులో కత్తిరిస్తే 45 నుంచి 50 రోజులకు పూస్తుంది. మల్లెకు అదే పని చేయకండి. దానికి డిసెంబరు, జనవరిలో నీళ్లు తగ్గించి, ఆకులు రాలాక కత్తిరించి ఎరువు వేయాలి, అప్పుడు ఎండలు మొదలయ్యేసరికి మొగ్గ తొడుగుతుంది. చామంతికి పగలు పొట్టిగా ఉండాలి కాబట్టి రాత్రంతా వీధి దీపం వెలుగు పడే మూలన పెడితే ఆకులే పెరుగుతాయి, చీకటి పడే చోటికి మార్చండి. కరివేపాకును ఇప్పుడు కత్తిరించొద్దు. చలిలో చిగురు వేయదు, ఫిబ్రవరి చివర కత్తిరిస్తే పొదలా వస్తుంది.